వేదిక మీద ఒక్కటే, గేటు దగ్గర వేరే

డిసెంబరు మొదటి వారం దాటితే ఒంగోలు, కందుకూరు, కావలి, నెల్లూరు, ఎటు చూసినా సెమీ క్రిస్మస్ పందిళ్ళే. మండల పాస్టర్ల ఫెలోషిప్ వేసిన వేదిక మీద బాప్టిస్టు అయ్యగారు, లూథరన్ అయ్యగారు, ఆర్సీయం (రోమన్ కతోలిక) ఫాదరు, ఇద్దరు ముగ్గురు స్వతంత్ర సంఘాల దైవజనులు వరసగా కూర్చుంటారు. కేకు కోస్తారు, ఎమ్మెల్యేగారికి శాలువా కప్పుతారు. మైకు అందుకున్న ప్రతివారూ "క్రీస్తునందు మనమంతా ఒక్కటే" అంటారు. ఆ మాట అబద్ధమని నేననను. కాకపోతే అదే వేదిక మీద పక్కపక్కన కూర్చున్న ఇద్దరి సంఘాల్లో పిల్లకూ పిల్లవాడికీ జనవరిలో సంబంధం కుదరనీయండి. ఆ ఒక్కటి ఎన్ని ముక్కలో అప్పుడు బయటపడుతుంది.

ఈ మాట ఏటా వింటూ ఉంటే నాకు తోచేది ఇది. శాఖల మధ్య సహనం కావాలంటే ఎవరూ తమ సిద్ధాంతం వదులుకోనక్కర్లేదు. బాప్తిస్మం, పెళ్ళి, భూస్థాపన, ఈ మూడింటిలో ఎవరు ఏది ఒప్పుకుంటారో, ఏది ససేమిరా అంటారో ముందే కాగితం మీద పెట్టుకుంటే సగం గొడవలు పుట్టవు. ప్రేమ ఉంటే కాగితమెందుకన్నది మనవాళ్ళ ధోరణి. కాగితం లేని చోట పెద్దల ఇష్టాయిష్టాలే చట్టమవుతున్నాయి.

ఊళ్ళు పంచుకున్న కాలం

1840లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే నెల్లూరు రావడం, 1866లో అదే మిషన్‌కు చెందిన జాన్ క్లౌ ఒంగోలు చేరడం మన సండే స్కూలు పిల్లలకు కూడా తెలిసిన సంగతులే. ఆ చరిత్రలో ఇక్కడ పనికొచ్చే ముక్క ఒకటుంది. అన్నదమ్ములు పొలం గట్లు వేసుకున్నట్టు మిషన్లు ఊళ్ళు పంచుకున్నాయి. నెల్లూరు, కావలి, ఒంగోలు, కనిగిరి వైపు అమెరికన్ బాప్టిస్టులు. దక్షిణాన నాయుడుపేట, గూడూరు, సూళ్ళూరుపేట, వెంకటగిరి వైపు 1865 నుంచి జర్మనీ హెర్మన్స్‌బర్గ్ లూథరన్లు. ఒకరి హద్దులో ఇంకొకరు గుడి కట్టకూడదని ప్రొటెస్టెంటు మిషన్ల మధ్య ఒడంబడిక. కతోలికులు ఆ ఒడంబడికలో లేరు. వాళ్ళకు నెల్లూరు మేత్రాసనం, అంటే బిషపు ఏలుబడి ప్రాంతం, 1928లో ఏర్పడింది.

ఈ పంపకం వల్ల పోట్లాటలు తగ్గిన మాట నిజం. దాని రెండో ఫలితం గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. ఊరికి ఒకే శాఖ ఉన్నప్పుడు పక్క శాఖను సహించడం నేర్చుకోవలసిన పని తాతల తరానికి పడలేదు. పెంతెకొస్తు సంఘాలు, భక్త్‌సింగ్ సహవాసాలు, బైబిలు మిషను, ఆపైన ఏ శాఖకూ చెందని ప్రార్థన మందిరాలు వచ్చి ఆ హద్దులు చెరిపేశాయి. ఇప్పుడు ఒకే పల్లెలో నాలుగైదు గుళ్ళు. అలవాటు మాత్రం ఊరికి ఒకే గుడి ఉన్ననాటిది.

1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు కలిసి దక్షిణ ఇండియా సంఘం అయ్యారు. బాప్టిస్టులు చేరలేదు, లూథరన్లు చేరలేదు. అంటే పాత నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పాతుకున్న రెండు పెద్ద ప్రొటెస్టెంటు శాఖలూ బయటే ఉండిపోయాయి.

కులం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, తర్వాత చెబితే తప్పించుకున్నట్టుంటుంది. క్లౌ కాలంలో ఒంగోలు చుట్టూ జనం గుంపులుగా క్రైస్తవంలో చేరిన ఉద్యమం తాళ్ళకొండపాడు యెర్రగుంట్ల పేరయ్యతో మాదిగపల్లెల్లో మొదలైంది. ఇవాళ్టికీ చాలా ఊళ్ళలో శాఖ తేడా వెనక మాలపల్లె, మాదిగపల్లె తేడా ఉంటుంది. రెడ్ల ఇళ్ళు, కమ్మవారి ఇళ్ళు ఉన్న కతోలిక విచారణల్లో (పారిష్‌లలో) ఇంకో రకం. "వాళ్ళ సిద్ధాంతం వేరండీ" అని పెద్దలు అన్నప్పుడు, అదే సిద్ధాంతం ఉన్న పక్క పల్లెతో వియ్యం అందుకుంటారా అని అడిగి చూడండి. చాలాసార్లు సిద్ధాంతం అక్కడే ఆగిపోతుంది. నేను చెప్పే కాగితం ఈ రోగాన్ని నయం చేయలేదు. రోగం సిద్ధాంతం ముసుగు వేసుకోకుండా అడ్డుకుంటే అదే పదివేలు.

నీళ్ళ దగ్గర

1878 జూలై 3న గుండ్లకమ్మలో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆరుగురు బోధకులు, ఒక్కోసారి ఇద్దరేసి నీళ్ళలో దిగి, ఒక్కొక్కరినీ ముంచి లేపారు. కరువు పనులు నడిచినన్నాళ్ళూ, కూటి కోసం చేరారన్న మాట రాకూడదని, క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. బాప్టిస్టులు దీన్ని గర్వంగా చెప్పుకుంటారు, చెప్పుకోవలసిందే. అయితే కరువులో క్లౌ ఆగిన ఈ మాటను గుర్తుపెట్టుకోండి. దీనితో కాసేపట్లో పని ఉంది.

బాప్టిస్టు దృష్టిలో పసిబిడ్డ నుదుట నీళ్ళు చల్లడం బాప్తిస్మమే కాదు. కాబట్టి లూథరన్ పిల్లను తొట్టిలో ముంచినప్పుడు తాము రెండోసారి ఇస్తున్నామని వాళ్ళనుకోరు. లూథరన్ దృష్టిలో బాప్తిస్మం దేవుడు చేసే పని. బిడ్డకు తెలిసిందా లేదా అన్నదానితో నిమిత్తం లేదు. దాన్ని మళ్ళీ చేయడమంటే దేవుడు మొదటిసారి సరిగా చేయలేదనడమే. రెండు వాదనలూ తమ తమ చోట గట్టివే. ప్రపంచ సంఘాల మండలి వేదాంతులు 1982లో పెరూ దేశపు లీమాలో కూర్చుని, బాప్తిస్మం మళ్ళీ మళ్ళీ చేసేది కాదు, పునర్బాప్తిస్మంగా కనబడే ఏ పనీ చేయకండని రాశారు. చదవడానికి బాగానే ఉంటుంది. దాని బరువు ఎక్కువగా బాప్టిస్టు మీదే పడుతుందన్న సంగతి మాత్రం గమనించాలి. "నీ నమ్మకం మానుకుంటే మనం స్నేహితులం" అన్నట్టు ఉంటుంది వాళ్ళకు.

ఈ తగాదా ఐరోపాలో ఒకప్పుడు ప్రాణాలు తీసింది. పెద్దయ్యాక బాప్తిస్మం తీసుకోవాలన్నందుకు ఫెలిక్స్ మాన్జ్‌ను 1527 జనవరిలో జూరిక్‌లో, నదిలో ముంచి చంపారు. 1530 నాటి లూథరన్ల ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన, తొమ్మిదో అంశంలో, పసిపిల్లల బాప్తిస్మాన్ని కాదన్న అనబాప్టిస్టులను ఖండించింది. ఆ కాలంలో జరిగిన హింసకు 2010లో స్టుట్‌గార్ట్‌లో ప్రపంచ లూథరన్ సమాఖ్య ఆ అనబాప్టిస్టుల వారసులైన మెన్నోనైట్లను క్షమాపణ అడిగింది. పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వడం మానలేదు, క్షమాపణ మాత్రం అడిగింది. గూడూరుకూ నెల్లూరుకూ మధ్య కావలసింది ఇంతకంటే చాలా చిన్నది.

ఇప్పుడు పెళ్ళి ముందు బాప్తిస్మం సంగతి. లూథరన్ ఇంటి పిల్లను బాప్టిస్టు ఇంటికి ఇస్తే, తాళికి వారం ముందు పిల్లను తీసుకొచ్చి ముంచాలని సంఘ పెద్దల షరతు. శుభలేఖలు పంచేసి ఉంటారు, కల్యాణ మంటపానికి అడ్వాన్సు కట్టేసి ఉంటారు. ఆ పిల్ల కాదనగలదా? సొంతంగా విశ్వసించి, నోటితో ఒప్పుకుని, తన ఇష్టంతో నీళ్ళలో దిగినదే బాప్తిస్మం అని బాప్టిస్టు బోధ. ముహూర్తం మెడ మీద కత్తిలా ఉన్నప్పుడు తీసుకునేది ఆ బోధ ప్రకారమే చెల్లదు. కూటి కోసం వచ్చారన్న మాట పడకూడదని క్లౌ కరువంతా ఆగాడు. పెళ్ళి కోసం ముంచేవాళ్ళు ఆయన వారసులమని ఏ ముఖంతో చెబుతారు? ఇది బయటివాడు వేసే నింద కాదు, బాప్టిస్టు వేదాంతమే అడిగే ప్రశ్న.

దారి కష్టమైనదేమీ కాదు. పిల్లను సహ సభ్యురాలిగా రాసుకోవచ్చు. ఆరాధనకు వస్తుంది, కానుక వేస్తుంది, స్త్రీల సమాజంలో ఉంటుంది, చనిపోతే సమాధుల తోటలో చోటు ఉంటుంది. ఓటు, డీకన్ పదవి మాత్రం ముంచడం ద్వారా బాప్తిస్మం పొందినవారికే ఉంచుకోవచ్చు. పెళ్ళయ్యాక ఏడాది గడవనిచ్చి, బాప్తిస్మ తరగతికి పిలిచి, ఆమె ఇష్టానికి వదలాలి. ఉత్తరాదిన 1970లో ఏర్పడిన ఉత్తర ఇండియా సంఘంలో బాప్టిస్టులు కూడా చేరారు. పసిపిల్లల బాప్తిస్మం, విశ్వాసుల బాప్తిస్మం రెండింటినీ పక్కపక్కనే ఉంచుకోవాలని అక్కడి ఏర్పాటు. మనస్సాక్షి ఒప్పని పాస్టరు పసిబిడ్డకు ఇవ్వనక్కర్లేదు, ఇంకో పాస్టరు వచ్చి ఇస్తాడు. అంతదూరం మనం వెళ్ళకపోయినా ఆ పద్ధతి నుంచి ఒక ముక్క తెచ్చుకోవచ్చు.

లూథరన్ల వైపు తప్పు ఇంకో తీరుగా ఉంటుంది. కన్వెన్షన్‌కు వెళ్ళి ఉద్రేకంలో నదిలో మునిగి వచ్చిన కుర్రవాడి పేరు రిజిస్టరులో కొట్టేస్తారు. పిలిచి మాట్లాడరు. కొట్టేసిన గీత పదేళ్ళ తర్వాత అతని తల్లి భూస్థాపన రోజున బయటికొస్తుంది. జరిగిన సంగతి తేదీతో రాసుకోండి, పేరు కొట్టేయకండి.

సర్టిఫికెట్ గురించి కూడా చెప్పుకోవాలి. సగం అనుమానాలు వేదాంతం వల్ల రావు, పనికిరాని సర్టిఫికెట్ వల్ల వస్తాయి. అందులో ఉండవలసినవి: బాప్తిస్మపు పేరు, పక్కనే స్కూలు సర్టిఫికెట్‌లో పేరు, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు, బాప్తిస్మం జరిగిన తేదీ, ఊరు, ముంచారా చల్లారా, ఏ మాటలతో ఇచ్చారు, ఇచ్చినవారి పేరు, రిజిస్టరు పుట, వరస సంఖ్య. చాలా స్వతంత్ర సంఘాల్లో రిజిస్టరే ఉండదు. కంప్యూటర్ సెంటర్లో రంగుల అంచు కొట్టించిన కాగితం మీద పేరు, ఒక వచనం, ఒక సంతకం, అంతే. దాన్ని పట్టుకుని ఆర్సీయం ఫాదరు దగ్గరికి వెళితే ఆయన ఏం చేయాలి? నీళ్ళతో, తండ్రి కుమార పరిశుద్ధాత్మల నామమున జరిగిన బాప్తిస్మం ఏ శాఖలోదైనా కతోలిక సంఘం ఒప్పుకుంటుంది. 1983 నాటి చట్టసంపుటి 869వ సూత్రం ప్రకారం, గట్టి అనుమానం ఉంటే తప్ప మళ్ళీ ఇవ్వకూడదు. "యేసు నామమున" మాత్రమే ఇచ్చే సంఘాలు కొన్ని ఉన్నాయి కాబట్టి, ఏ మాటలతో ఇచ్చారో రాయకపోతే అనుమానం అక్కడే పుడుతుంది. సాల్వేషన్ ఆర్మీ వారిది ఇంకో సంగతి. వాళ్ళకు నీటి బాప్తిస్మమే లేదు. తాతల నుంచి క్రైస్తవులైనా కతోలిక లెక్కలో ఆ పెళ్ళికి బాప్తిస్మం లేనివారితో చేసుకునే పెళ్ళికి కావలసిన మినహాయింపే కావాలి. ఇది అవమానించడం కాదని ఫాదరు ముందే కూర్చోబెట్టి చెబితే ఇంత రభస ఉండదు.

పెళ్ళి కాగితాలు

పెళ్ళి దగ్గర మొదట చూడవలసింది శాఖ కాదు, లైసెన్సు. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం అయిదో సెక్షను ప్రకారం బిషపు చేత గురుత్వాభిషేకం పొందినవారు తమ సంఘ నియమాల ప్రకారం పెళ్ళి చేయవచ్చు. మిగతా పాస్టర్లకు ప్రభుత్వం ఇచ్చిన లైసెన్సు కావాలి. అధికారం లేకుండా చేస్తే 68వ సెక్షను కింద పదేళ్ళ దాకా జైలు. అయినా లైసెన్సు లేని అయ్యగార్లు పెళ్ళిళ్ళు చేస్తూనే ఉన్నారు. పాస్‌పోర్టుకో వీసాకో కాగితం కావలసి వచ్చినప్పుడు పెళ్ళి చేసుకున్న పిల్లలు చిక్కుల్లో పడతారు. ఇక్కడ శాఖల సహకారం వేదాంతం అడ్డురాని పని. లైసెన్సు ఉన్న పక్క సంఘం పాస్టరు ప్రమాణాలు చేయించి రిజిస్టరులో సంతకాలు తీసుకుంటాడు, సొంత అయ్యగారు ప్రసంగం చేస్తాడు. దీనికి అడ్డుపడేది చాలాచోట్ల ఎవరు పెద్దన్న పట్టుదలే.

ఒకరు కతోలికులైతే మేత్రాణుల (కతోలిక బిషపు) అనుమతి కావాలి. కతోలిక వ్యక్తి తన విశ్వాసం నిలుపుకుంటానని, పిల్లలకు కతోలిక సంఘంలో జ్ఞానస్నానం (బాప్తిస్మం) ఇప్పించడానికి చేతనైనంత చేస్తానని మాట ఇవ్వాలి. అవతలి వ్యక్తి సంతకం పెట్టనక్కర్లేదు, ఆ మాట ఇచ్చిన సంగతి వారికి తెలిస్తే చాలు. ఈ తేడా పాస్టర్లు తెలుసుకోక "మా పిల్లవాడి చేత రాయించుకున్నారు" అని రచ్చ చేస్తారు. పొద్దున విచారణ గుడిలో, సాయంత్రం బాప్టిస్టు గుడిలో రెండుసార్లు ప్రమాణాలు చేయించడం కూడా కుదరదు. అదే కతోలిక చట్టసంపుటి 1127వ సూత్రం అది వద్దంటుంది. అవతలి పాస్టరు వచ్చి వాక్యం చదవవచ్చు, ప్రార్థన చేయవచ్చు. ప్రమాణాలు మాత్రం ఒక్కసారే. పెళ్ళికి నాలుగు రోజుల ముందు పరుగెత్తితే ఈ అనుమతులేవీ రావు, నెలల ముందే మొదలుపెట్టాలి.

తాళి, నగలు, పూలు: కొన్ని పెంతెకొస్తు, సహవాసపు ఇళ్ళలో ఇవి నిషిద్ధం. బాప్టిస్టు, ఆర్సీయం ఇళ్ళలో తాళి లేని పెళ్ళిని అత్తగారు పెళ్ళనుకోదు. నిశ్చితార్థం నాడే తేల్చుకోవలసిన మాట ఇది.

ప్రభు బల్ల, అంటే గుడిలో రొట్టె, ద్రాక్షరసం తీసుకునే సంస్కారం గురించి నాకు పెద్ద ఆశలు లేవు. రొట్టెల పండుగకు బారాషహీద్ దర్గా దగ్గర చెరువు నీళ్ళలో ఏ మతంవాడైనా ఏ మతంవాడి చేతి రొట్టె అయినా అందుకునే నెల్లూరు మనది. ఇక్కడి క్రైస్తవులు ఒకరి బల్ల దగ్గర ఒకరు రొట్టె తీసుకోలేకపోవడం చూస్తే బయటివాళ్ళకు వింతగానే ఉంటుంది. అయినా బల్ల అనేది శాఖల నమ్మకానికి గుండెకాయ, బలవంతం చేస్తే పగులుతుంది. ఎవరు తీసుకోవచ్చో పాస్టరు బల్లకు ముందే రెండు వాక్యాల్లో స్పష్టంగా చెబితే చాలు. వరసలో నిలబడ్డ చుట్టాన్ని చెయ్యి చాపాక వెనక్కి పంపడమే మర్యాద తప్పిన పని.

సమాధుల తోట

అన్నిటికంటే ఎక్కువ గాయం ఇక్కడే. పాత తోటలు మిషన్ కాలంలో కొన్నవి, పాత సంఘం చేతిలో ఉంటాయి. కొత్త సంఘాలకు చాలావాటికి భూమి లేదు. మనిషి వేరే సంఘంలోకి మారి చాలాకాలమై ఉంటుంది. పోయాక అమ్మానాన్నల పక్కన పెట్టమని కోరి ఉంటాడు. ఇంటి ముందు ఫ్రీజర్ బాక్సులో శవం, గేటు దగ్గర పెద్దలు.

"ఏం అబ్బాయ్, పదేళ్ళలో ఒక్క ఆదివారం గుడి గడప తొక్కారా మీరు? చందా బాకీ ఎంతుందో తెలుసా?"

"తప్పే పెదనాన్నా. ఎంతైతే అంత కడతాను. ముందు అమ్మను లోపలికి తీసుకుపోనీయండి."

ఏ ఊరి మాటలని అడగకండి, తోట ఉన్న ప్రతి ఊరి మాటలే. పెద్దల కష్టం కూడా చెప్పాలి. చోటు చాలడం లేదు. డబ్బున్నవాళ్ళు ఒక్కో గుంత చుట్టూ పాలరాతి గది కట్టించి ముగ్గురి చోటు ఆక్రమిస్తారు. గోడ, గేటు, కాపలా ఖర్చు చందా కట్టేవాళ్ళ మీదే పడుతుంది. ఇరవై ఏళ్ళు రూపాయి ఇవ్వనివాడు చివరి రోజున హక్కు అడిగితే కోపం రావడం సహజమే. కోపం న్యాయమైనదే కావచ్చు, చూపించడానికి ఆ రోజు తగదు.

రాసుకోవలసినవి నాలుగైదు ముక్కలు. సభ్యులకూ బయటివారికీ గుంత రుసుము ఎంతో గేటు మీద బోర్డు పెట్టాలి. బాకీల మాట జ్ఞాపకార్థ కూడిక అయ్యేదాకా ఎత్తకూడదు. తోట ఉన్న సంఘం పాస్టరు గేటు దగ్గర మొదటి ప్రార్థన చేస్తాడు, చనిపోయినవారి అయ్యగారు గుంత దగ్గర వాక్యం చెబుతాడు. ఆ వాక్యంలో శాఖల ఊసు ఉండకూడదు. గుంత మీద కట్టే దిమ్మె కొలత అందరికీ ఒకటే. భూమి లేని సంఘాలన్నీ కలిసి ప్రభుత్వ భూమిలో ఉమ్మడి తోటకు తహసీల్దారుకు అర్జీ పెట్టుకోవాలి. విడివిడిగా పెడితే ఆ అర్జీలు ఫైళ్ళలోనే ఉండిపోతాయి.

కాదనేవారి మాట

"నులివెచ్చగా ఉన్నవాణ్ణి ఉమ్మివేస్తానన్నాడు ప్రభువు. మీ సహనం ఆ నులివెచ్చదనమే" అంటారు కొందరు బోధకులు. ఈ ఆక్షేపణను నేను తేలిగ్గా తీసుకోను. సత్యం పట్ల పట్టింపు లేనివాడి సహనానికి విలువ లేదు. నేను చెప్పే కాగితంలో "మీ చిలకరింపును మేం బాప్తిస్మంగా ఎంచం" అని బాప్టిస్టు స్పష్టంగా రాసుకోవచ్చు. సెమీ క్రిస్మస్ వేదిక మీద దాచిన మాట ఇక్కడ బయటికొస్తుంది. ఇందులో వేడి తగ్గిందెక్కడ?

రాసిన నియమం పెద్దల చేతిలో కర్ర అవుతుందన్న భయం ఇంకొకటి. కొంత అవుతుంది. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఇవాళ రాయని నియమం కలిగినవాడికి ఒకటిగా, లేనివాడికి ఒకటిగా వంగుతోంది. రాసినదాన్ని చూపించి లేనివాడు కనీసం అడగగలడు.

అసలు చిక్కు బతుకుతెరువుది. నలభై కుటుంబాల స్వతంత్ర సంఘంలో ఐదు కుటుంబాలు పక్క వీధి మందిరానికి పోతే ఆ అయ్యగారి ఇంటి అద్దె పోయినట్టే. "మా గొర్రెల్ని లాక్కుపోయారు" అన్న కేకలో సిద్ధాంతం కంటే ఆకలి ఎక్కువ. దీన్ని ఎగతాళి చేయడం సులువు, జీతం వచ్చే పాత మిషన్ పాస్టర్లు చేస్తుంటారు కూడా. కుటుంబం మారేటప్పుడు బదిలీ పత్రం అడగడం, పాత అయ్యగారికి ఫోను చేసి చెప్పడం, మూడు నెలల దాకా సభ్యత్వం రాసుకోకపోవడం, ఇవి ఆకలి తీర్చవు, పగను మాత్రం తగ్గిస్తాయి.

యెహోవా సాక్షుల సంగతేమిటని అడుగుతారు. త్రిత్వాన్ని కాదన్నవారి బాప్తిస్మాన్ని ఒప్పుకోమని ఏ సంఘాన్నీ అడగలేం. జాతీయ గీతం పాడనందుకు బడి నుంచి తీసేసిన ఆ పిల్లల్ని 1986లో సుప్రీంకోర్టు తిరిగి చేర్పించింది. తీర్పు రాసింది మన తెలుగువాడు జస్టిస్ ఒ. చిన్నప్పరెడ్డి. మన సంప్రదాయం, మన రాజ్యాంగం సహనాన్నే నేర్పుతున్నాయి, దాన్ని పలచన చేయకండని అందులో రాశారు. బాప్తిస్మం ఒప్పుకోకపోవడం ఒకటి, గుంతకు చోటివ్వకపోవడం ఇంకొకటి. మొదటిది సంఘం హక్కు. రెండోదానికి వేదాంతంలో ఆధారం ఎక్కడా కనబడదు.

మండల ఫెలోషిప్పులకు జనవరిలో ఎలాగూ లెక్కల మీటింగు ఉంటుంది. పందిరి ఖర్చు, శాలువాల ఖర్చు చదివాక ఒక గంట దీనికి ఇవ్వవచ్చు. రెండు పేజీల ముసాయిదా చాలు. ముందు సమాధుల తోట, తర్వాత పెళ్ళి, చివర బాప్తిస్మం, ఈ వరసలో చర్చిస్తే మొదటి రోజే పోట్లాట రాదు. అందరూ సంతకం పెట్టరు. సహవాసపు వాళ్ళు ఏ సమాఖ్యలోనూ చేరరు కాబట్టి పెట్టరు, ఇంకొందరు పక్కవాడు పెట్టాడని పెట్టరు. పెట్టినవాళ్ళతోనే మొదలుపెట్టి ప్రతి గుడి నోటీసు బోర్డు మీద ఒకటి, తోట కాపలావాడి దగ్గర ఒకటి ఉంచాలి. శవం వచ్చినప్పుడు పెద్దలు ఊళ్ళో లేకపోయినా గేటు తాళం ఉండేది అతని దగ్గరే.